రెండు ముళ్ళూ కలిసి తప్పు చెబితే: ఒక పాత కారు మీటర్ బోర్డు కేస్ స్టడీ

బండి 2002 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు, విజయవాడలో మా వీధిలోనే ఉంటారు. ఇంజను ఇప్పటికీ శుభ్రంగా ఉంది, బాడీకి తుప్పు తక్కువ. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. సరిగ్గా ఆ గడువు దగ్గరపడుతున్నప్పుడే మీటర్ బోర్డు మొరాయించింది. స్పీడోమీటర్ పనిచేయని బండిని అందుకు అవసరమైన ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్ళడం కుదరదు కాబట్టి మాస్టారికి టెన్షన్ పట్టుకుంది.

జబ్బు ఏమిటో ఆయనే చక్కగా చెప్పారు. "రాత్రి లైట్లు వేయగానే పెట్రోలు పెరిగిపోతుందయ్యా. వేడి ముల్లు కూడా ఎర్రగీత వైపు వెళ్తుంది. లైట్లు తీసేస్తే రెండూ దిగుతాయి. మధ్యాహ్నం ఎండలో ఆపి తీస్తే స్పీడు ముల్లు లేవదు, కిలోమీటర్ల అంకెలు కనపడవు. సాయంత్రానికి మళ్ళీ అన్నీ వచ్చేస్తాయి." చూపించిన చోటల్లా "మీటర్ పోయింది, మార్చెయ్యండి" అన్నారట. కొత్తది దొరకడం లేదు. పాత సామాన్ల దగ్గర ఒకటి ఉందని ఎవరో చెప్పారు.

నా లెక్కలో "మీటర్ పోయింది" అనేది రోగనిర్ధారణ కాదు. మీటర్ బోర్డు అంటే ఒక వస్తువు కాదు. అందులో నాలుగైదు వేర్వేరు సర్క్యూట్లు ఒకే ప్లాస్టిక్ డబ్బాలో కాపురం చేస్తుంటాయి. ఏవి కలిసి చెడుతున్నాయి, ఏవి విడిగా చెడుతున్నాయి అని చూస్తే సగం దారి తెలిసిపోతుంది. మాస్టారు చెప్పినదాంట్లో రెండు జంటలు ఉన్నాయి. పెట్రోలు, వేడి ముళ్ళు ఒక జంట: లైట్లు వేస్తే చెడతాయి. స్పీడు ముల్లు, అంకెల డిస్‌ప్లే ఇంకో జంట: ఎండకు చెడతాయి. ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే ఫ్లోటు, ఇంజను మీద టెంపరేచర్ సెన్సార్ రెండూ ఒకేసారి పాడవ్వడం, అదీ లైటు స్విచ్చి నొక్కినప్పుడే పాడవ్వడం జరగని పని. కాబట్టి ప్రతి జంటకూ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో వెతకాలి. ఉమ్మడిగా ఉండేవి సాధారణంగా రెండే: కరెంటు వచ్చే దారి, పోయే దారి.

పాత మీటర్ తెచ్చి పెట్టడం నాకు ఇష్టం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ తరం బండ్లలో కిలోమీటర్ల లెక్క బోర్డు మీద ఉన్న చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది. వేరే బండి మీటర్ పెడితే వేరే బండి కిలోమీటర్లు వస్తాయి. వాటిని "సరిచేసి ఇస్తాం" అనేవాళ్ళు ఉంటారు. ఆ పని నేను చేయను, ఎవరినీ చేయనివ్వను. తర్వాత ఆ బండి కొనేవాడు ఆ అంకెను నమ్మే కొంటాడు. అందుకే నా దగ్గరికి ఏ మీటర్ వచ్చినా విప్పకముందే తాళం తిప్పి, కిలోమీటర్ల అంకె ఫొటో తీసి ఓనరు ఫోనుకే పంపిస్తాను. మెమరీ చిప్ జోలికి వెళ్ళను.

మీటర్ విప్పకముందు చేసిన పని

తాళం ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా కూర్చున్నాం. పార్కింగ్ లైట్లు వేస్తే నిజంగానే రెండు ముళ్ళూ లేచాయి. బ్లోయర్ ఫుల్లు పెడితే ఇంకాస్త లేచాయి. అప్పుడు మాస్టార్ని ఎడమ ఇండికేటర్ వేయమన్నాను. ఇండికేటర్ టిక్ అన్నప్పుడల్లా టెంపరేచర్ ముల్లు చిన్నగా తల ఎత్తుతోంది, దించుతోంది. ఇంజను నీళ్ళ వేడి సెకనుకోసారి మారదు కదా. ఆ ముల్లు కదలిక చూశాక నాకు వేరే అనుమానం మిగల్లేదు: మీటర్‌కి ఎర్త్ సరిగ్గా అందడం లేదు.

ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత బండ్లలో నేను చూసే మీటర్ కంప్లయింట్లలో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతాయి. మీటర్ బోర్డులోని చిన్న బల్బులు, ఇండికేటర్ బాణాలు, గేజులు (పెట్రోలు, వేడి చూపే ముళ్ళ మీటర్లు) అన్నీ తమ కరెంటును ఒకే నల్లవైరు ద్వారా బాడీకి వదులుతాయి. ఆ వైరు బాడీకి బిగించినచోట తుప్పు పడితే కరెంటు సాఫీగా పోదు. అలాగని ఆగదు కూడా. కాలువ తూము దగ్గర నాచు అడ్డుపడితే నీళ్ళు ఎగదన్ని పక్క చేలోకి తిరిగినట్టు, అది వేరే దారి వెతుక్కుంటుంది. ఆ దారి గేజుల కాయిళ్ళ గుండా ఫ్లోటుకీ, టెంపరేచర్ సెన్సార్‌కీ పోతుంది. వాటికి వేరే ఎర్త్‌లు ఉన్నాయి, అవి బాగానే ఉన్నాయి. గేజుకు మాత్రం ఈ అదనపు కరెంటు ఎక్కడిదో తెలియదు. సెన్సారే ఎక్కువ కరెంటు లాగుతోందనుకుని పెట్రోలు నిండుగా ఉందని, ఇంజను వేడెక్కిందని చూపిస్తుంది. లైట్లు వేస్తే కరెంటు పెరుగుతుంది, ముల్లు ఇంకా ఎక్కుతుంది.

అంబాసిడర్ లాంటి ఇంకా పాత బండ్లు నడిపినవాళ్ళకు ఇదే జబ్బు ఇంకో రూపంలో తెలిసే ఉంటుంది. వాటిలో గేజుల వెనక చిన్న డబ్బాలాంటి వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. లోపల రెండు లోహాల పట్టీ వేడెక్కి, చల్లారి, టకటకా తెరుచుకుంటూ మూసుకుంటూ గేజులకు సగటున 10 వోల్టులు అందిస్తుంది. దానికి ఎర్త్ ఆ డబ్బా పైతొడుగు నుంచే అందుతుంది. ఆ ఎర్త్ పోతే పట్టీ వేడెక్కదు, తెరుచుకోదు, గేజులకు పూర్తి బ్యాటరీ వోల్టేజి పోతుంది. రెండు ముళ్ళూ పైకి పోతాయి. ఆ గేజులు వేడి మీద పనిచేసేవి కాబట్టి ముళ్ళు నిదానంగా కదులుతాయి, ఇండికేటర్‌తో పాటు ఊగవు. మన కేసులోవి ఒకదానికొకటి అడ్డంగా చుట్టిన రెండు కాయిళ్ళ మధ్య చిన్న అయస్కాంతం తిరిగే రకం, అందుకే వెంటనే స్పందించాయి. ముల్లు ఎంత వేగంగా కదులుతోందో చూస్తే లోపల ఏ రకం గేజు ఉందో విప్పకుండానే తెలుస్తుంది.

అనుమానం ఉంటే చాలదు, కొలవాలి. ఇక్కడ చాలామంది మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి నల్లవైరుకూ బాడీకీ మధ్య చూస్తారు, బీప్ వస్తుంది, "ఎర్త్ బాగానే ఉంది" అనేస్తారు. మల్టీమీటర్ పంపేది అతి కొద్ది కరెంటు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా దానికి చాలు, బీప్ కొడుతుంది. లోడు మీద వోల్టేజి చూస్తేనే నిజం బయటపడుతుంది. డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబ్‌ను పొడుగాటి వైరుతో నేరుగా బ్యాటరీ నెగెటివ్ కొమ్ముకు కలిపి, ఎర్ర ప్రోబ్‌ను మీటర్ కప్లర్ (వైర్లన్నీ వచ్చి తగిలే ప్లగ్గు) వెనక నల్లవైరు దగ్గర గుచ్చాను. కప్లర్ తగిలించే ఉండాలి, అన్నీ పనిచేస్తూ ఉండాలి. లైట్లు లేకుండా 0.15 వోల్టులు. పార్కింగ్ లైట్లు వేస్తే 0.6. బ్లోయర్ కూడా పెడితే 1 వోల్టు దాటింది. ఇండికేటర్‌తో పాటు అంకె ఎగురుతోంది. మంచి ఎర్త్‌లో ఇది 0.1 దాటకూడదు.

నల్లవైరును పట్టుకుని వెళ్తే డ్రైవరు కుడికాలి పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు వెనక, బాడీకి ఒక బోల్టుతో తేలింది. బ్లోయర్ ఎర్త్ కూడా అక్కడికే వచ్చింది, అందుకే బ్లోయర్‌కీ ముళ్ళకూ లంకె. అద్దం రబ్బరు దగ్గర నుంచి ఎప్పుడో నీళ్ళు కారి, రింగు కింద ఎర్రటి పొడి పట్టి ఉంది. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, బోల్టు విప్పి, రింగును, కింద రేకును ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాను. పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించాను. బిగించాకే పైన వాజలిన్ పూశాను. ముందే పూస్తే లోహానికీ లోహానికీ మధ్యకు చేరుతుంది. మళ్ళీ కొలిస్తే అన్నీ ఆన్‌లో ఉన్నా 0.03 వోల్టులు. ముళ్ళు రెండూ కదలకుండా కూర్చున్నాయి. మసకబారాయనుకున్న మీటర్ లైట్లు కూడా వెలుగు పుంజుకున్నాయి.

మొదటి జంట జబ్బు ఇలా మీటర్‌ను ముట్టుకోకుండానే పోయింది. కొత్త మీటర్ పెట్టి ఉంటే అందులోనూ ముళ్ళు అలాగే ఊగేవి.

రెండో జంట కోసం బోర్డు బయటికి

స్పీడు ముల్లు, అంకెలు ఎండకు పోతున్నాయి, నీడకు వస్తున్నాయి. ఈ సమయంలో పెట్రోలు, వేడి ముళ్ళు బాగానే ఉంటున్నాయి కాబట్టి మీటర్‌కు వచ్చే 12 వోల్టులు అందుతున్నట్టే. స్పీడు సెన్సార్ పోతే ముల్లు మాత్రమే పడిపోవాలి, అంకెలు మాయం కాకూడదు. ముల్లునీ అంకెలనీ నడిపేది లోపలి ఐసీలు (చిప్‌లు), వాటికి కావలసింది 5 వోల్టులు. ఆ 5 వోల్టులు తయారుచేసే చోటే నా అనుమానం.

ఈ బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు. ఉన్న బండి అయితే బ్యాటరీ నెగెటివ్ తీసి, ఆ బండి మాన్యువల్ ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగాకే స్టీరింగ్ చుట్టుపక్కల చేయి పెట్టాలి. మీటర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కప్పు స్క్రూలు తీసి, మీటర్‌ను ముందుకు లాగి, వెనక కప్లర్ లాక్ నొక్కి ఊడదీశాను. ఇరవై ఏళ్ళ ప్లాస్టిక్ ఎండకు పెళుసుబారి ఉంటుంది. లాక్‌ను గోరుతో నొక్కాలి, స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు.

టేబుల్ మీద, కరెంటు పరిమితి పెట్టుకోగల పవర్ సప్లై నుంచి 13 వోల్టులు ఇచ్చాను. అది లేనివాళ్ళు మంచి 12 వోల్టుల అడాప్టర్‌కు వరసలో 1 ఆంపియర్ ఫ్యూజు వేసుకుంటే చాలు. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వడం మాత్రం వద్దు. ఒక్క వైరు జారితే బోర్డు మీద రాగి గీత కాలిపోతుంది.

స్పీడోమీటర్‌ను కదలని టేబుల్ మీద ఎలా పరీక్షించాలి? గేర్‌బాక్సు దగ్గరి స్పీడు సెన్సార్ చేసేది మీటర్ పంపిన వైరును ఎర్త్‌కు కలపడం, వదలడం, అంతే. అలా ఒకసారి కలిపి వదిలితే ఒక పల్సు. జపాన్ లెక్క ప్రకారం తయారైన చాలా బండ్లలో స్పీడోమీటర్ కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరిగేది. కేబుల్ పోయి సెన్సార్ వచ్చాక కూడా అదే లెక్క కొనసాగింది. చుట్టుకు 4 పల్సులిచ్చే సెన్సార్ అయితే కిలోమీటరుకు 2548 పల్సులు. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే సెకనుకు సుమారు 42.5 పల్సులు. ఫోనులో టోన్ వినిపించే యాప్ పెట్టి, హెడ్‌ఫోన్ వైరు నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టరు ద్వారా స్విచ్చిలా పనిచేసే బీసీ 547 ట్రాన్సిస్టర్ బేస్‌కు ఇచ్చి, ఎమిటర్‌ను ఎర్త్‌కు, కలెక్టర్‌ను మీటర్ స్పీడు వైరుకు కలిపాను. స్క్వేర్ వేవ్, 42.5 హెర్ట్జ్, వాల్యూమ్ ఫుల్లు. ముల్లు లేచి 60 దగ్గర నిలబడింది. 85 పెడితే 120కి వెళ్ళింది. పక్కన నిలబడ్డ మాస్టారు "లెక్క సరిపోయిందయ్యా" అన్నారు. లెక్క సరిపోవడమంటే మీటర్ లోపలి మెదడు, ముల్లు నడిపే ఐసీ, కాయిళ్ళు అన్నీ బాగున్నట్టే.

ఇక ఎండ తెప్పించాలి. మల్టీమీటర్‌ను 5 వోల్టుల రెగ్యులేటర్ అవుట్‌పుట్ కాలు మీద పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో బోర్డు వెనక కాస్త దూరం నుంచి వేడిగాలి కొట్టాను. చల్లగా ఉన్నప్పుడు 5.02 వోల్టులు. వేడెక్కేకొద్దీ అంకె వణికి, 4కి దిగి, 3 దగ్గర ఊగిసలాడింది. అంకెలు మాయమయ్యాయి, ముల్లు పడిపోయింది. పెన్సిల్ వెనక కొసతో రెగ్యులేటర్ దగ్గర మెల్లగా నొక్కితే అన్నీ తిరిగి వచ్చాయి.

భూతద్దం కింద రెగ్యులేటర్ ఇన్‌పుట్ కాలు చుట్టూ టంకంలో సన్నటి నల్లటి గుండ్రని గీత. వెలుతురు నేరుగా పడితే కనిపించదు, బోర్డును వంచి పక్కవాటు వెలుతురులో చూడాలి. దీన్నే డ్రై సోల్డర్ అంటాం. పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసిన ప్రతివాడికీ ఇది పాత శత్రువే. రెగ్యులేటర్ పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది, ఆగితే చల్లారుతుంది. లోహపు కాలు, రాగి, టంకం, ఫైబర్ బోర్డు ఒక్కోటి ఒక్కో మేరకు సాగుతాయి, ముడుచుకుంటాయి. పైగా మన ఎండలు. రామగుండం, రెంటచింతల మాటెందుకు, మే నెలలో విజయవాడలో అద్దాలు మూసి నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించలేం. ఇన్నేళ్ళు ఈ సాగడం, ముడుచుకోవడం తట్టుకున్న టంకం చివరికి కాలు చుట్టూ చీలింది. చల్లగా ఉంటే చీలిక అంచులు తాకుతాయి, వేడికి విడిపోతాయి.

చీలిన టంకం మీద ఐరన్ ఆనించి ఇంకాస్త టంకం పూయడం చాలామంది చేసేది. అది కొన్నాళ్ళు నిలుస్తుంది, మళ్ళీ విడుస్తుంది, ఎందుకంటే లోపల ఆక్సైడ్ పొర అలాగే ఉంటుంది. ఫ్లక్స్ వేసి, రాగి జడతో పాత టంకం మొత్తం పీల్చేసి, కాలును శుభ్రం చేసి కొత్తగా పెట్టాలి. ఈ బోర్డు సీసం కలిసిన టంకం కాలం నాటిది. యూరప్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసం మీద నిషేధం అమల్లోకి వచ్చిందే 2006 జులైలో. అందుకని 60/40 టంకమే (60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం) వాడాను. అది 190 డిగ్రీల లోపే కరుగుతుంది, పాత బోర్డు మీద రాగి లేచిపోదు. సీసం లేనిదానికి 217 డిగ్రీలు దాటాలి. రెగ్యులేటర్ మూడు కాళ్ళు, దాని హీట్‌సింక్ కాళ్ళు, మీటర్ కప్లర్ పిన్నులు అన్నీ ఇలాగే కొత్తగా టంకం చేశాను. ఒకటి చీలిందంటే పక్కవీ అదే వయసువి.

రెగ్యులేటర్ పక్కన, వోల్టేజి ఒడిదుడుకులను సర్దే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను కూడా తీసేశాను. పైకి ఉబ్బలేదు, కారలేదు, కానీ 100 మైక్రోఫారడ్లు ఉండాల్సింది కొలిస్తే సగం కూడా లేదు. పక్కనే వేడి పుట్టించే రెగ్యులేటర్, దాని మీద రాసి ఉన్నది 16 వోల్టులు, 85 డిగ్రీలు. 10 డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందన్నది మా వృత్తిలో నమ్మదగిన లెక్క. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్నవాటిలో 35 వోల్టులు, 105 డిగ్రీల రకం అదే విలువది వేశాను. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు నుంచి వచ్చే వోల్టేజి కుదుపులకు 16 వోల్టులు మరీ అంచు మీద ఉన్నట్టే. పక్కన గీత ఉన్న కాలు నెగెటివ్, అది తిరగబడకూడదు.

మళ్ళీ డ్రయ్యర్. ఈసారి బోర్డు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా అంకె 5.01 దగ్గర నుంచి కదల్లేదు.

బోర్డు చేతిలో ఉండగానే

అంకెల డిస్‌ప్లేలో ఒక గీత పాలిపోయి ఉంది. డిస్‌ప్లే గాజుకూ బోర్డుకూ మధ్య గులాబీ రంగు రబ్బరు పట్టీ ఉంటుంది, అందులో సన్నటి వాహక పొరలు. దాన్నీ, అది ఆనే రాగి గీతలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేలు తగలకుండా తిరిగి పెట్టి, స్క్రూలు అన్ని వైపులా సమానంగా బిగించాను. గీత వచ్చింది. పెట్రోలు, థిన్నర్ ఈ పనికి పనికిరావు. రబ్బరూ పోతుంది, మీటర్ ముందు అద్దమూ పాలిపోతుంది. స్ప్రే డబ్బా తెచ్చి గేజుల్లోకి కొట్టడం అయితే అస్సలు వద్దు. ముల్లు వణక్కుండా లోపల చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది, అది పలచబడితే ముల్లు జీవితాంతం వణుకుతూనే ఉంటుంది.

మాస్టారి మనవడు బల్బులన్నీ ఎల్ఈడీలు చేసేయమన్నాడు. వెలుగు కోసం ఉన్నవి మార్చుకోవచ్చు. బ్యాటరీ బొమ్మ ఉన్న ఛార్జింగ్ హెచ్చరిక బల్బు మాత్రం మార్చవద్దని గట్టిగా చెప్పాను. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్ మేల్కోవడానికి కావలసిన మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే కరెంటు చాలక, స్టార్ట్ చేశాక కూడా ఛార్జింగ్ మొదలవ్వకపోవచ్చు.

ముళ్ళు పీకలేదు. ఈ కేసులో ఆ అవసరం రాలేదు. అవసరం లేకుండా పీకితే తిరిగి పెట్టేటప్పుడు రీడింగు మారిపోతుంది.

తిరిగి బిగించాక

కిలోమీటర్ల అంకె ఫొటోలో ఉన్నదే ఉంది. బందరు రోడ్డు మీద ఖాళీగా ఉన్న వేళ చూసి, మాస్టారి మనవడు ఫోనులో జీపీఎస్ వేగం చదువుతుంటే మీటర్‌తో పోల్చాం. మీటర్ 60 చూపిస్తే జీపీఎస్ 57. ఇది తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపితే అసలు వేగంలో పదో వంతుకు 4 కలిపినంత వరకు ఒప్పు. 57కి ఆ హద్దు 9.7 కిలోమీటర్లు, మనది 3. మిట్ట మధ్యాహ్నం, అద్దాలు మూసి ఎండలో నిలిపిన తర్వాత తీసినా అంకెలు నిలబడే ఉన్నాయి.

ఒకటి మిగిలింది. ఎర్త్ బాగుచేశాక పెట్రోలు ముల్లు నిజం చెప్పడం మొదలుపెడితే, ట్యాంకు నింపినా అది పైగీతను అందుకోవడం లేదని తెలిసింది. ఇన్నాళ్ళూ ఎర్త్ తప్పు ఆ లోటును కప్పేసింది. వెనక సీటు కింద ఫ్లోటు కప్లర్ ఊడదీసి, దాని స్థానంలో 33 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టరు కలిపి తాళం ఆన్ చేశాను. ఈ తరహా ఫ్లోటు నిండుగా ఉంటే 3 ఓమ్‌లు, ఖాళీ అయితే 110, సగానికి 32.5 చూపేలా తయారవుతుంది. ముల్లు సరిగ్గా సగం మీద నిలిచింది. గేజు బాగానే ఉంది, ఫ్లోటులోని పట్టీ పైకొసన అరిగింది. ట్యాంకు మూత తెరిచి ఫ్లోటు తీయడం నేను ఇంట్లో చేసే పని కాదు. పెట్రోలు ఆవిరి దగ్గర సోల్డరింగ్ ఐరన్‌లూ ఫ్యాన్ స్విచ్చిలూ ఉండకూడదు. పెట్రోలు అడుగంటినప్పుడు గ్యారేజీలో ఫ్లోటు మార్పించుకోమని, కొలిచిన ఓమ్‌ల అంకెలు కాగితం మీద రాసి మాస్టారికి ఇచ్చాను. రిజిస్ట్రేషన్‌కు దానితో పని లేదు కాబట్టి ఆయన ముందు ఫిట్‌నెస్‌కి స్లాట్ బుక్ చేసుకున్నారు.